మేడల నీడలు – 12: గోడకు అటు కోఠి, ఇటు బజారు

గత వారం అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి దగ్గర ఆగాం. 1798 మార్చిలో ఆయన కన్నుమూశాడు. అదే ఏడాది సెప్టెంబర్ 1న నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబర్ కల్లా ఫ్రెంచి పటాలాలు ఆయుధాలు కింద పెట్టేశాయి. నగరంలో ఇక తెల్లదొర అంటే ఇంగ్లీషు దొరే. ఆ దొర ఎక్కడున్నాడో, అతని ఇంటి చుట్టూ ఏ ఊరు పెరిగిందో చూడాలంటే మలక్‌పేట నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటి మూసీ ఉత్తరపు ఒడ్డుకు రావాలి.

వంతెన దాటగానే బస్సుల అరుపు మొదలవుతుంది. కోఠి, కోఠి, కోఠి! హైదరాబాద్‌లో ఏ మూల నుంచి బయల్దేరినా కోఠికి ఓ బస్సు దొరికేది. చీరలకు, గాజులకు, పెళ్లి సామానుకు, స్కూలు తెరవగానే పాత పుస్తకాలకు అందరూ ఇక్కడికే. అయితే కోఠి అంటే ఊరి పేరు కాదు. ఉర్దూలో, హిందీలో కోఠి అంటే పెద్ద బంగళా. ఇన్ని వీధులు, ఇన్ని దుకాణాలు ఒక ఇంటి పేరును తగిలించుకుని బతుకుతున్నాయన్నమాట. ఆ ఇల్లు ఇంకా ఉంది. బస్టాపులో నిలబడ్డవాళ్లకు మాత్రం గోడ, గేటు, చెట్ల కొమ్మలే కనిపిస్తాయి.

ఆ ఇల్లే బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు నివాసం. దాని గురించి తెలిసినవాళ్లు ముందుగా చెప్పేది ప్రేమకథ. తెల్లదొర, హైదరాబాదీ బేగం, చివరికి విషాదం. ఆ కథ నిజమే, మనమూ చెప్పుకుందాం. కానీ ఈ ఇంటి చరిత్రలో బరువైన భాగం లోపలి గదుల్లో జరగలేదు. దాని నీడ పడిన బజారులో జరిగింది.

చీటీ మీద గీసిన పటం

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798లో రెసిడెంటు అయ్యాడు. ఫార్సీ, ఉర్దూ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదీ ఉడుపులు వేసుకునేవాడు. నిజాం అతనికి హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. అప్పటికి రెసిడెంటు ఉంటున్నది మూసీ ఒడ్డున ఒక పాత తోటలోని బంగళాల్లో. కంపెనీ పలుకుబడి పెరిగింది కాబట్టి ఇల్లూ పెరగాలని అతను అనుకున్నాడు.

స్థలం సంపాదించిన తీరు మీద ఆ కాలపు ఇంగ్లీషు అధికారులు ఒక ముచ్చట చెప్పుకునేవారు. తనకు కావలసిన నేలను కొలిపించి, పెద్ద కాగితం మీద పటం గీయించి కిర్క్‌పాట్రిక్ నిజాం ముందు పరిచాడట. నిజాం ముఖం మాడ్చుకుని కుదరదన్నాడట. బయటికొచ్చాక మంత్రి మీర్ ఆలం నవ్వి, మీ పటం మా రాజ్యం పటమంత ఉంది, ఆయన జడుసుకోక ఏం చేస్తాడు అన్నాడట. రెసిడెంటు అదే స్థలాన్ని ఒక చిన్న చీటీ మీద గీసి మళ్లీ తీసుకెళ్లాడు. ఈసారి నిజాం మారు మాట లేకుండా ఒప్పుకున్నాడట.

ఇది ఎంత నిజమో ఎంత కల్పనో గానీ, చెప్పినవాళ్ల మనసు మాత్రం ఇందులో తెలిసిపోతుంది. తూర్పుదేశపు రాజుకు కొలతలు తెలియవని, తాము తెలివిగా మాయ చేశామని వాళ్ల మురిపెం. నిజానికి అప్పటికే కంపెనీ పటాలాలు నగరం పక్కనే దిగి ఉన్నాయి. రెసిడెంటు అడిగితే కాదనే స్థితిలో నిజాం లేడు. ఒప్పుకున్నది చీటీని చూసి కాదు, పటాలాలను చూసి.

కట్టించినవాడు కాపురం ఉండని ఇల్లు

పనులు 1803 ప్రాంతంలో మొదలయ్యాయి. ఆ ఏడాది ఆగస్టులో నిజాం అలీ ఖాన్ చనిపోయి సికందర్ జా గద్దెనెక్కాడు. నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. ఇతని తండ్రి జాన్ రసెల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. ఖర్చు మాత్రం నిజాం ఖజానాదే. తన మీద నిఘా పెట్టేవాడికి తన డబ్బుతో మేడ కట్టించి ఇచ్చిన ప్రభువు సికందర్ జా.

భవనం ముఖం ఉత్తరానికి, వీపు మూసీకి. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు, ఒక్కొక్కటి నలభై అడుగుల ఎత్తు. ఇరవైకి పైగా వెడల్పైన మెట్లు, మెట్లకు అటూ ఇటూ రాతి సింహాలు. దూరం నుంచి పాలరాయిలా మెరిసేది సున్నపు పూత. దాని వెనుక ఉన్నది దక్కను రాయి, ఇక్కడి మేస్త్రీల చేయి. స్తంభాల పైన ముక్కోణపు నుదుటి మీద కంపెనీ రాజచిహ్నం చెక్కించారు. లోపలికి వెళ్తే రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు. దాని పైకప్పుకు కాగితపు గుజ్జుతో చేసిన నగిషీలు, కింద నిలువుటద్దాలు, షాండ్లియర్లు. ఇంకాస్త లోపలికి పోతే రెండు పాయలుగా చీలి వంపు తిరుగుతూ పైకెళ్లే మెట్లు. ఇదే రోజుల్లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో తనకో మహాసౌధం కట్టించుకున్నాడు. హైదరాబాద్ రెసిడెంటు ఆయనకు తగ్గ తమ్ముడనిపించుకున్నాడు.

ఇక ప్రేమకథ. ఖైరున్నిసా హైదరాబాద్‌లోని ఒక సయ్యద్ కుటుంబపు అమ్మాయి, మీర్ ఆలం బంధువర్గం. కిర్క్‌పాట్రిక్ ఆమెను ముస్లిం పద్ధతిలో పెళ్లి చేసుకున్నాడు. ఈ సంగతి కలకత్తాకు చేరి వెల్లస్లీ విచారణ జరిపించాడు. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. పరదా పాటించే బేగం కోసం రెసిడెన్సీ ఆవరణలోనే రంగ్‌మహల్ అనే జనానా కట్టించాడు. అక్కడి తోటలో రెసిడెన్సీ భవనానికి బొమ్మలాంటి చిన్న నమూనా ఒకటి ఉంది. ముందుకు వచ్చి అసలు భవనాన్ని చూడలేని భార్య కోసం భర్త ఆ బొమ్మను కట్టించాడని చెప్పుకుంటారు.

1805లో పిల్లలిద్దరినీ చదువు కోసం ఓడెక్కించి ఇంగ్లండుకు పంపారు. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి మూడు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. ఆ ఏడాదే కలకత్తా వెళ్లిన కిర్క్‌పాట్రిక్ అక్టోబర్ 15న అక్కడే చనిపోయాడు. భవనం 1806లో పూర్తయింది. కట్టించినవాడు పూర్తయిన ఇంట్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు.

భర్త సమాధి చూడటానికి కలకత్తా వెళ్లిన ఖైరున్నిసాను తిరిగి నగరంలోకి రానివ్వలేదు. అడ్డుపడినవాడు సొంత బంధువు మీర్ ఆలమే. ఆమె కొన్నేళ్లు మచిలీపట్నం సముద్రపు గాలిలో ప్రవాసం గడిపింది. చివరికి హైదరాబాద్ చేరి 1813 సెప్టెంబర్‌లో కన్నుమూసింది. ఆమె రంగ్‌మహల్‌ను 1860 ప్రాంతంలో దొరలే పడగొట్టించారు. స్థానిక స్త్రీతో రెసిడెంటు కాపురం చేశాడన్న గుర్తు విక్టోరియా కాలపు దొరతనానికి నచ్చలేదు. బొమ్మ భవనం మాత్రం మిగిలింది. పక్కనున్న పుత్లీబౌలీ వైపు కూడలిని ఇప్పటికీ రంగ్‌మహల్ అనే పిలుస్తారు. ఇల్లు పోయినా పేరు సిటీబస్సుల్లో తిరుగుతూనే ఉంది.

నూటికి రెండు రూపాయల వడ్డీ

ఇప్పుడు గోడ దాటి బయటికొద్దాం.

రెసిడెన్సీ చుట్టూ బజారు ఊరికే పుట్టలేదు. లోపల దొరలు, గుమాస్తాలు, మున్షీలు, కాపలా సిపాయిలు, నౌకర్లు, గుర్రాలు. వీళ్లందరికీ గింజలు, గడ్డి, బట్ట, నూనె కావాలి. అమ్మేవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే అప్పులిచ్చేవాళ్లు వచ్చారు. క్రమంగా ఆ బజార్ల మీద రెసిడెంటు అధికారమే చెల్లింది. నిజాం కొత్వాలు ఇక్కడికి వచ్చి చెయ్యి వేయలేడు. ఇంట్లో రొక్కం పెట్టుకునే సాహుకార్లకు ఇంతకన్నా భద్రమైన చోటేముంది? గుజరాతీలు, మార్వాడీలు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ఈనాటి గుజరాతీ గల్లీ ఆ వలసకు ఆనవాలు. కాగితాల్లో ఈ ప్రాంతం రెసిడెన్సీ బజార్లు అయింది, ఈనాటి సుల్తాన్ బజారు ఇదే. జనం నోట చాదర్‌ఘాట్ అనే పేరూ నడిచింది.

ఈ వడ్డీ వ్యాపారుల్లో అందరినీ మించినవాడు విలియం పామర్. తండ్రి కంపెనీ జనరలు, తల్లి ఫైజ్ బేగం ఢిల్లీ వైపు కులీన ముస్లిం స్త్రీ. నిజాం కొలువులో సైనికోద్యోగం వదిలి, బంకటీదాస్ అనే గుజరాతీ సాహుకారుతో కలిసి పామర్ ఒక కంపెనీ పెట్టాడు. రెసిడెన్సీకి దగ్గర్లోనే అతని కోఠి. అప్పు తీసుకునేది ఎవరో కాదు, నిజాం ప్రభుత్వమే. దివాన్‌గిరీ నడుపుతున్న రాజా చందూలాల్ సైన్యాల జీతాల కోసం చేయి చాపేవాడు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయల దాకా పోయింది.

సంస్థానాధీశులకు ఇంగ్లీషువాళ్లు అప్పులివ్వరాదని చట్టం ఉంది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పామర్ కంపెనీకి దాని నుంచి మినహాయింపు ఇచ్చాడు. ఈయన వారెన్ హేస్టింగ్స్ కాదు, తరువాతివాడు. పామర్ కంపెనీలో భాగస్వామిగా చేరిన సర్ విలియం రంబోల్డ్ భార్య ఈ హేస్టింగ్స్ దగ్గరే పెరిగిన అమ్మాయి. ఇంక ఎదురేముంది? నిజాం డబ్బుతో నడిచే సైన్యం మీద పెత్తనం రెసిడెంటుది. ఆ సైన్యానికి జీతాలివ్వడానికి నిజాం ప్రభుత్వం అప్పు చేస్తున్నది రెసిడెంటు గోడ పక్కనున్న దుకాణంలో. 1820లో 60 లక్షల రూపాయల కొత్త అప్పు రాశారు.

ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేసి ఈ బాగోతం బయటపెట్టాడు. గవర్నర్ జనరల్‌తో తగాదా పడి మరీ పామర్ బాకీ తీర్చి వదిలించుకోవాలన్నాడు. తీర్చడానికి డబ్బు? ఇక్కడే ఆంధ్ర తీరం కథలోకి వస్తుంది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లు కంపెనీ చేతికి పోయినా, వాటి కోసం కంపెనీ నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టేది. 1823లో ఆ పేష్కష్ హక్కును శాశ్వతంగా వదులుకుని, బదులుగా 1 కోటి 16 లక్షల పైచిలుకు రూపాయలు ఒక్కసారి తీసుకునేలా నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ సొమ్ము పామర్ అప్పుకు జమ. గోదావరి, కృష్ణా డెల్టాల మీద నిజాంకు మిగిలిన ఆఖరి హక్కు ఈ సుల్తాన్ బజారు సందుల్లో వడ్డీ కింద కరిగిపోయింది. మరుసటేడు పామర్ కంపెనీ దివాళా తీసింది.

ఈ ఇంటి గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోమంటే నేను బేగం బొమ్మ భవనాన్ని కాదు, ఈ కోటి పదహారు లక్షలనే చెబుతాను.

శుక్రవారం సాయంత్రం

1857 వేసవి. ఉత్తరాదిలో తిరుగుబాటు మొదలైందన్న వార్తలు హైదరాబాద్ చేరాయి. ఔరంగాబాద్ నుంచి తిరుగుబాటు సిపాయిలు కొందరు జమేదారు చీదా ఖాన్‌తో నగరానికి వచ్చారు. దివాను సాలార్‌జంగ్ వాళ్లను పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. నగరం భగ్గుమంది. జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు తరువాత గుంపు కదిలింది. సాయంత్రానికి ఐదువందల మంది దాకా, చాలామంది రోహిల్లాలు, రెసిడెన్సీ పడమటి గోడ దగ్గరికి చేరారు. ముందున్నది ఇద్దరు. బేగంబజారు వాసి తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్.

రెసిడెన్సీ గోడకు ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు సాహుకార్ల రెండంతస్తుల మేడలున్నాయి. తిరుగుబాటుదారులు వాటిలోకి దూరారు. తోట గేటు విరగ్గొట్టారు, మేడల పైనుంచి తుపాకులు పేల్చారు. దొర నీడలో భద్రమని కట్టుకున్న సాహుకారు మేడలే ఆ రాత్రి దొర మీదికి కోటలయ్యాయి. లోపల రెసిడెంటు కర్నల్ డేవిడ్‌సన్. సాలార్‌జంగ్ ముందే కబురు పెట్టడంతో ఆయన ఫిరంగులు సిద్ధం చేసుకున్నాడు. మేజర్ బ్రిగ్స్ నాయకత్వంలో ఫిరంగులు రాత్రంతా మోగాయి. తెల్లవారుజాము నాలుగింటికల్లా మేడలు ఖాళీ అయ్యాయి.

మౌల్వీ అలావుద్దీన్ తరువాత పట్టుబడి అండమాన్‌లో ద్వీపాంతర శిక్ష అనుభవించి అక్కడే పోయాడు. తుర్రెబాజ్ ఖాన్‌కూ యావజ్జీవ ద్వీపాంతరమే పడింది. కానీ ఓడెక్కకముందే 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు 5 వేల రూపాయల వెల కట్టారు. ఆరు రోజులకే తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి నలుగురూ చూసేలా వేలాడదీశారు.

భయపెట్టడానికి వేలాడదీసిన మనిషి పేరు మాటగా మారి నిలిచింది. ఎవడైనా బడాయి పోతే, నువ్వేమన్నా పెద్ద తురుంఖానువా అని అడుగుతాం. ఆ తురుంఖాన్ మరెవరో కాదు, ఈ తుర్రెబాజ్ ఖానేనని హైదరాబాదీలు చెప్పుకుంటారు. రెసిడెన్సీ పక్క రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే. కోఠి బస్టాండు దగ్గర 1857 స్మారక స్తంభం నిలబడి ఉంది, చుట్టూ తోపుడు బండ్లు.

ఆ రాత్రి తరువాత రెసిడెన్సీ గోడలు ఎత్తు పెరిగాయి, బురుజులు లేచాయి, గేట్లు బలిశాయి. అప్పటిదాకా తోటకు హద్దుగా ఉన్న గోడ ఇక కోటగోడ అయింది.

దొరవారి డాక్టరు

గోడ ఎంత లేచినా కొన్ని సంగతులు దాన్ని దాటి బయటికొచ్చాయి. వాటిలో మేలైనది వైద్యం. రెసిడెన్సీలో ఒక సర్జన్ ఉండేవాడు. నాలుగో నిజాం నాసిరుద్దౌలా హయాంలో ఆ ఉద్యోగంలో ఉన్న డాక్టర్ మెక్లీన్ చొరవతో 1846లో హైదరాబాద్ వైద్య పాఠశాల మొదలైంది. చదువు ఉర్దూలో. తరువాత 1885లో ఆ కుర్చీలోకి వచ్చిన ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టి, మత్తుమందు క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు వేయించాడు. రెండోదానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి లండన్ నుంచి నిపుణుణ్ని రప్పించాడు. గుండెకు ప్రమాదం లేదన్న లారీ వాదన తరువాత నిలవలేదు. అయినా వైద్య చరిత్రలో హైదరాబాద్ పేరు అలా చేరింది. ఆ పాఠశాలే పెరిగి పెరిగి ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. ఇప్పుడది రెసిడెన్సీ పక్కనే ఉంది, మెట్రో స్టేషనుకూ దాని పేరే.

తెలుగుకు చోటు దొరికిన సందులు

మళ్లీ బజారులోకి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి ఈ వీధుల్లో ఇంకో రకం జనం కనిపిస్తారు. వకీళ్లు, గుమాస్తాలు, బడిపంతుళ్లు, విద్యార్థులు. నిజాం రాజ్యంలో సభ పెట్టాలన్నా, సంఘం పెట్టాలన్నా సర్కారు అనుమానంగా చూసేది. తరువాతి రోజుల్లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అనుమతి లేని సభల నోరు నొక్కేసింది. రెసిడెన్సీ బజార్లలో చట్టం వేరు. అక్కడా స్వేచ్ఛ పూలబాట కాదు, తెల్లదొర తన మీద ఈగ వాలనివ్వడు. కానీ నిజాం పోలీసు నేరుగా రాలేడు. రెండు రాజ్యాల మధ్య ఉన్న ఈ చిన్న సందులో కొన్ని మొక్కలు బతికాయి. 1892లో ఆర్యసమాజం సుల్తాన్ బజారులో పాదుకుంది. మరాఠీ పెద్దలు వివేకవర్ధిని పాఠశాల నడిపారు.

తెలుగు మాటేమిటి? రాజ్యంలో దాదాపు సగంమంది తెలుగువాళ్లు. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. నగరంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి నలుగురు కూర్చునే చోటు లేదు. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. వెనక నిలబడినవాళ్లు కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు. తెలంగాణలో తెలుగు గ్రంథాలయోద్యమానికి ఇదే మొదటి దీపం. తరువాత దానికి సుల్తాన్ బజారులోనే సొంత భవనం అమరింది. 1906లో వీళ్లే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. రాజుల పాలనలో ఉన్న తెలుగు పాఠకుడికి మొట్టమొదట అందించింది, రాజు లేని దేశపు నాయకుడి కథ! 1908లో మండలి మద్రాసుకు తరలింది, గ్రంథాలయం నిలిచింది.

1921 నవంబర్ 11, 12 తేదీల్లో ఇక్కడే వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉపన్యాసాలు ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో సాగాయి, సభ శ్రద్ధగా వింది. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోయాడు. ఈలలు, అల్లరి, చప్పట్లు. ఆయన కూర్చోవలసి వచ్చింది. సగం రాజ్యం మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన మర్యాద అది.

ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది తెలుగువాళ్లు కూడి ఆంధ్రజన సంఘం ఏర్పరచుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు ఆ తొలితరం వాళ్లు. మొదట చేసిన పని గ్రంథాలయాలు పెట్టడం, వెట్టిచాకిరి మీద కరపత్రాలు వేయడం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన అది ఆంధ్ర మహాసభ అయింది. 1944 భువనగిరి సభ నాటికి కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. పల్లెల్లో దాన్ని ఎవరూ ఆంధ్ర మహాసభ అనలేదు. సంఘం అన్నారు. దొర గడీని ఎదిరించినవాళ్లు సంఘపోళ్లు. ఈలలకు కూర్చుండిపోయిన ఒక వకీలు అవమానం పాతికేళ్లలో సాయుధ పోరాటం దాకా వెళ్లింది.

పేరు మారింది, గేటు తెరుచుకుంది

1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం పాలన కిందికి వచ్చాయి. ప్రాంతం పేరు సుల్తాన్ బజారుగా స్థిరపడింది. పద్నాలుగేళ్ల తరువాత రెసిడెంటు ఉద్యోగమే పోయింది. 1947లో ఇంగ్లీషువాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేశారు. పోలీసు చర్య తరువాత ఏడాది, 1949లో, 1924 నుంచి నడుస్తున్న ఉస్మానియా మహిళా కళాశాల ఆ ఇంట్లోకి మారింది. దర్బారు హాలులో ఆడపిల్లల సభలు, దొరల గదుల్లో పాఠాలు. పరదా చాటున బొమ్మ మేడతో సరిపెట్టుకున్న బేగం ఇంట్లో తరతరాల అమ్మాయిలు ముందు మెట్లు ఎక్కి లోపలికి నడిచారు. కోఠి విమెన్స్ కాలేజీ అనే పేరు బస్సుల బోర్డుల మీదికెక్కింది.

పిల్లల అడుగులకు ఇల్లు మురిసింది గానీ, వానలకు తట్టుకోలేదు. పైకప్పు కారింది, పెచ్చులూడింది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఏళ్లతరబడి పని సాగి 2023 నాటికి ప్రధాన భవనం, దర్బారు హాలు పైకప్పు నగిషీలు మళ్లీ తేరుకున్నాయి. దొరల సమాధులున్న చిన్న శ్మశానం, బేగం తోటలోని బొమ్మ భవనం కూడా ఆవరణలోనే ఉన్నాయి.

గోడ బయట బజారు తన దారిన తాను నడుస్తోంది. ట్రూప్ బజారులో కుళాయిలు, టైల్సు, దీపాలు. బ్యాంక్ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సరుకు. బడీచౌడీలో కూరగాయలు. సుల్తాన్ బజారు నడివీధిలో గాజులు, చీరలు. 2007 ఆగస్టు 25న కోఠిలో పేలిన బాంబు కొన్ని రోజులు ఈ వీధులను నిశ్శబ్దం చేసింది, జనం మళ్లీ వచ్చారు. మెట్రో స్తంభాలు తమ సందుల్లోంచి పోవద్దని దుకాణదారులు ఏళ్లపాటు పోరాడారు. 2020 ఫిబ్రవరి 7న సుల్తాన్ బజారు మీదుగా మెట్రో రైలు నడిచింది. ఇప్పుడు ఆ రైలు కిటికీలోంచి చూస్తే పాత మేడల పై అంతస్తులు, చెక్క బాల్కనీలు కళ్లెదుటకు వస్తాయి. కింద నడిచేవాడు రంగు బోర్డుల వల్ల చూడలేనివి అవి. ఎక్కువకాలం ఉంటాయని నమ్మకం లేదు. ఈ సారి అటు వెళ్తే ఒకసారి తలెత్తి చూడండి.

రెసిడెన్సీకి దొరికిన రక్షణ ఆ మేడలకు లేదు. దొర ఇల్లు వారసత్వ కట్టడం. దొరకు సరుకమ్మిన ఇల్లు, తెలుగు పుస్తకం దాచిన ఇల్లు, సంఘం పుట్టిన ఇల్లు పాత ఇళ్లు మాత్రమే. మన నగరంలో చరిత్రను కొలిచే కొలబద్ద ఇంకా స్తంభాల ఎత్తు దగ్గరే ఆగింది.

చివరగా ఒక పేరు. మహిళా కళాశాల 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో ప్రభుత్వం దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టాలని నిర్ణయించింది. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వకుండా నిలిచిన మనిషి ఆమె. ఆనాడు ఆమె వెంట నిలబడింది సంఘం. ఆ సంఘం పుట్టింది ఈ కోఠి వీధుల్లో, ఈ గోడకు ఇవతల. నూరేళ్లు దాటాక అదే సంఘపు మనిషి పేరు గోడ లోపలికి వెళ్లి, కంపెనీ రాజచిహ్నం కింద చేరింది.

(వచ్చే వారం: కాచిగూడ స్టేషను, దాని చుట్టూ లేచిన ఊరు)